కొత్త అక్వేరియంను కడగొద్దు

కొత్తగా అక్వేరియం పెట్టుకున్న ఇంట్లో రెండో వారమో మూడో వారమో అద్దం మీద గోధుమరంగు పొర కనబడుతుంది. లేదంటే నీళ్ళు పచ్చబడతాయి. ఇక అక్కడినుంచి అందరి నోటా ఒకటే మాట: పాచి పట్టింది, తొట్టి కడిగెయ్యాలి. చేపల్ని బకెట్‌లో వేస్తారు. నీళ్ళన్నీ పారబోస్తారు. గులకరాళ్ళను కల్లుప్పు వేసి రుద్దుతారు. ఫిల్టర్ స్పాంజిని నల్లా కింద పెట్టి, మురికి రావడం ఆగేదాకా పిండుతారు. కొత్త నీళ్ళు నింపి, నీలం మందు నాలుగు చుక్కలు వేసి, చేపల్ని మళ్ళీ వదులుతారు. ఆ సాయంత్రం తొట్టి తళతళలాడుతుంది. రెండు మూడు రోజులకు చేపలు నీటి పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. వారం తిరిగేసరికి ఒక్కొక్కటే వెల్లకిలా తేలుతుంది. అప్పుడు ఇంట్లోవాళ్ళు తేల్చేస్తారు, పాచి పట్టిన తొట్టి కదా, అందుకే చచ్చిపోయాయి అని.

ఈ అభిప్రాయం పూర్తిగా తప్పు. కొత్త తొట్టిలో చేపల ప్రాణం తీసేది ఆ కడుగుడే. పాచికి అందులో పాత్ర లేదు. నీటి సంగతి కాస్త చదువుకున్న ఎవరైనా ఈ మాట చెబుతారు. అయినా ఊరూరా దుకాణాల్లో, అపార్ట్‌మెంట్లలో, ఇంటికొచ్చిన చుట్టాల పలకరింపుల్లో పాత సలహాయే చెలామణి అవుతోంది. దాన్ని నమ్మి ఎన్ని గోల్డ్ ఫిష్‌లు, ఎన్ని గప్పీలు చెత్తబుట్ట పాలవుతున్నాయో లెక్క పెట్టేవాళ్ళు లేరు. పిల్లలు ఏడుస్తారు. పెద్దవాళ్ళు “మన ఇంటికి చేపలు అచ్చిరావు” అంటారు. తొట్టి అటకెక్కుతుంది. నాకు బాధ, కోపం రెండూ తెప్పించేది ఈ అచ్చిరాకపోవడం అనే మాటే. అందులో అదృష్టం, దురదృష్టం ఏమీ లేవు. ఏం జరిగిందో అడుగడుగునా వివరించవచ్చు.

చేప తిన్న మేతలోని మాంసకృత్తులు అరిగాక మిగిలే నత్రజని ఎక్కువ భాగం అమోనియా రూపంలో మొప్పల గుండా నీళ్ళలోకి వస్తుంది. తినకుండా అడుగుకు చేరిన మేత కుళ్ళినా పుట్టేది అమోనియాయే. ఇది చేపకు విషం. చెరువులో, కాలువలో దీన్ని ఎప్పటికప్పుడు మార్చేసే బ్యాక్టీరియా ఉంటుంది. ఒక రకం అమోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. నైట్రేట్ మాత్రం చాలా ఎక్కువైతే తప్ప హాని చెయ్యదు. మంచినీటి అక్వేరియంలలో ఈ రెండో పని చేసేది నైట్రోస్పైరా జాతి బ్యాక్టీరియా అని 1998లో తెలిసింది. వాటిలో కొన్ని రెండు పనులూ ఒంటిచేత్తో చెయ్యగలవని 2015లో బయటపడింది. ఇవి నీళ్ళలో తేలుతూ ఉండవు. స్పాంజి రంధ్రాల్లో, గులకరాళ్ళ మీద, అద్దం మీద సన్నటి జిగురు పొరగా అంటుకుని బతుకుతాయి. మిగతా బ్యాక్టీరియా కొన్ని అరగంటలో రెట్టింపైతే, వీటికి చాలా గంటలు, ఒక్కోసారి రోజుకు పైనే పడుతుంది. అందుకే కొత్త తొట్టి కుదురుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి.

ఇప్పుడు పైన చెప్పిన కడుగుడును మళ్ళీ ఒకసారి చూడండి. నల్లా నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. అది నీళ్ళలో వేసేదే బ్యాక్టీరియాను చంపడానికి. ఆ నీళ్ళ కింద స్పాంజి పిండితే, వారాల తరబడి కూడుకున్న పొర అంతా మోరీలోకి పోతుంది. గులకరాళ్ళ మీద మిగిలినదాన్ని ఉప్పు, రాపిడి కలిసి వదలగొడతాయి. ఎక్కడో కాస్త మిగిలిందనుకుంటే, నీలం మందు దానికీ ఎసరు పెడుతుంది. ఆ మందు పేరు మెథిలీన్ బ్లూ. బూజు తెగులుకు పనికొచ్చే మందే, కానీ ఈ బ్యాక్టీరియాను దెబ్బ తీస్తుంది. ఇంతా చేసి అన్ని చేపల్నీ ఒకేసారి అందులో వదిలి, పాపం ఆకలిగా ఉంటాయని గుప్పెడు మేత వేస్తారు. అమోనియా పుడుతూనే ఉంటుంది, మార్చేవాళ్ళు లేరు. నాటిన నారును వారం వారం పీకి, వేళ్ళు కడిగి మళ్ళీ నాటితే ఏమవుతుందో ఈ తొట్టికీ అదే అవుతుంది.

మన నీళ్ళ స్వభావం ఈ ప్రమాదాన్ని ఇంకా పెంచుతుంది. అమోనియాలో నిజంగా విషమైన భాగం ఎంత అనేది పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) మీద, వేడి మీద ఆధారపడి ఉంటుంది. నీళ్ళు 30 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు, పీహెచ్ 7 అయితే విషరూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. అదే వేడిలో పీహెచ్ 8 అయితే ఏడు వంతులు దాటుతుంది. మన బోరు నీళ్ళు చాలాచోట్ల గట్టి నీళ్ళు, పీహెచ్ 8 దగ్గర ఉండటం సాధారణం. వేసవిలో తొట్టి నీళ్ళు 30 డిగ్రీలకు చేరడం మామూలే. చల్లటి దేశంలో మెత్తటి నీళ్ళతో తొట్టి పెట్టుకున్నవాడి చేప తట్టుకునే పొరపాటును మన ఇంట్లో చేప తట్టుకోలేదు.

ఇక పాచి సంగతి. అమోనియా, నైట్రేట్, ఫాస్ఫేట్, వెలుతురు ఉన్నచోట పాచి పెరుగుతుంది. కొత్త తొట్టిలో మొక్కలు ఇంకా వేళ్ళూనవు, బ్యాక్టీరియా ఇంకా కుదురుకోదు, లైటు మాత్రం మొదటి రోజునుంచే దేదీప్యమానంగా వెలుగుతుంది. ఆ ఖాళీలోకి పాచి వస్తుంది. వచ్చి ఏం చేస్తుంది? చేపకు విషమైన అమోనియాను తన తిండిగా వాడుకుంటుంది. బ్యాక్టీరియా తయారయ్యేదాకా ఆ భారంలో కొంత మోసేది ఈ పాచే. అద్దం మీద పొరను గీకి బయట పారేస్తే, అది పీల్చుకున్న నత్రజని కూడా దానితో పాటే బయటికి పోతుంది. కంటికి బాగోలేదని దాన్ని శత్రువుగా చూడటం తగదు.

“అన్ని పాచులూ ఒకటే” అనేది ఈ వాదానికి రెండో కాలు. అదీ విరిగేదే. పాచి పట్టగానే చెయ్యవలసిన మొదటి పని, అది ఏ పాచో చూడటం. ఒక వేలు, ఒక పాత బ్లేడు ఉంటే చాలు.

అద్దాన్ని లోపలివైపు వేలితో రాయండి. గోధుమరంగు పొడి మబ్బులా లేచి, వేలు పోయినంత మేరా అద్దం తేటపడిందంటే అది డయాటమ్. ఇసుకలో, రాతిలో ఉండే సిలికాతో తన చుట్టూ గాజు పెంకు కట్టుకునే సూక్ష్మజీవి ఇది. భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు ఐదో వంతు ఈ డయాటమ్‌ల పనే. తెలంగాణ, రాయలసీమల్లో చాలాచోట్ల బోరు నీళ్ళు గ్రానైట్ రాతి పొరల్లోంచి వచ్చేవి, వాటిలో కరిగిన సిలికా ఉంటుంది కాబట్టి కొత్త తొట్టిలో డయాటమ్ కనబడటం వింతేమీ కాదు. దీనికి మందు అక్కర్లేదు. వారానికోసారి స్పాంజి ముక్కతో తుడిచి, పాతిక ముప్ఫై శాతం నీళ్ళు మారుస్తూ ఉంటే కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. కొత్త తొట్టి యజమానుల్లో ఎక్కువమంది కంగారుపడేది ఈ గోధుమరంగు పాచిని చూసే. ఏమీ చెయ్యకపోయినా పోయే పాచి కోసం తొట్టి మొత్తం ఎత్తి పోయడం కంటే అన్యాయం ఇంకోటి లేదు.

గోటితో గీకినా రాకుండా అద్దానికి అతుక్కున్న చిన్న చిన్న పచ్చటి చుక్కలుంటే అది పచ్చచుక్కల పాచి. బ్లేడు వాలుగా పెట్టి గీకితే వస్తుంది. లైటు ఎక్కువసేపు వెలుగుతోందని దాని అర్థం. నీళ్ళే పచ్చగా మారి అవతలి గోడ కనబడకపోతే, అది నీటిలో తేలే ఏకకణ పాచి. నీళ్ళు మార్చి దీన్ని వదిలించుకోవాలనుకునేవాళ్ళు ఓడిపోతారు. సగం పారబోస్తే మిగిలిన సగంలోని కణాలు ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ రెట్టింపవుతాయి, కొత్త నీళ్ళతో వాటికి కొత్త తిండి కూడా దొరుకుతుంది. తొట్టి చుట్టూ నల్ల గుడ్డో దుప్పటో కప్పి, ఎయిర్ పంప్ ఆపకుండా నడుపుతూ, మూడు నాలుగు రోజులు చీకట్లో ఉంచండి. ఆ రోజుల్లో మేత వెయ్యకండి. తర్వాత కొంత నీరు మార్చండి. తరచూ వస్తుంటే నీళ్ళను అతినీలలోహిత దీపం ముందునుంచి నడిపే చిన్న పరికరం దొరుకుతుంది, పచ్చనీళ్ళకు అది నమ్మకంగా పనిచేస్తుంది.

మొక్కల ఆకుల అంచుల మీద, ఫిల్టర్ గొట్టం మూతి దగ్గర కుచ్చులు కుచ్చులుగా నల్లటి వెంట్రుకల్లా కనబడేది ఇంకో రకం. ఒక ఆకు తెంచి ఆసుపత్రిలో వాడే స్పిరిట్‌లో వేసి చూడండి. పచ్చదనం కరిగిపోయి కుచ్చు ఎర్రబడుతుంది. అది నిజానికి ఎర్ర పాచి జాతికి చెందినది. కొన్న మొక్కలతో పాటు వస్తుంది, కార్బన్ డయాక్సైడ్ రోజుకోలా ఉన్న తొట్టిలో పాతుకుంటుంది. పట్టిన ఆకుల్ని కత్తిరించి పారెయ్యడమే మేలు.

చివరిది, నిజంగా జాగ్రత్త పడవలసినది. నీలం కలిసిన పచ్చరంగులో, పట్టుకుంటే జారిపోతూ, అంచు పట్టి లాగితే చాపలా లేచి వచ్చి, బురద కంపు కొట్టే పొర ఉంటే అది సయనోబ్యాక్టీరియా. పాచి అని పిలుస్తున్నా ఇది బ్యాక్టీరియా. కొన్ని రకాలు విషాలు కూడా వదులుతాయి. దీన్ని సన్న గొట్టంతో పీల్చి తీసెయ్యాలి, మూడు నాలుగు రోజులు చీకటి పెట్టాలి, నీటి కదలిక పెంచాలి, అడుగున చేరిన కుళ్ళు తియ్యాలి. ఎరిత్రోమైసిన్ మాత్ర పొడి చేసి వేస్తే పోతుందని చెప్పేవాళ్ళున్నారు. పోతుంది, నిజమే. కానీ మనుషులకిచ్చే యాంటీబయాటిక్‌ను తొట్టిలో కలిపి, వారం తర్వాత మోరీలోకి వదలడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. మందులకు లొంగని క్రిముల్ని ఇంట్లోనే సాకినట్టవుతుంది. ఒక అద్దాల తొట్టి అందం కోసం ఆ పని చెయ్యడాన్ని నేను సమర్థించలేను.

ఐదు రకాలు, ఐదు కారణాలు. వీటన్నిటికీ ఒకే మందు సీసా చూపించే దుకాణదారుడి మాట ఎలా చెల్లుతుంది?

దుకాణంలో ఆ సంభాషణ దాదాపు ఎక్కడైనా ఒకేలా ఉంటుంది. “అన్నా, నీళ్ళు పచ్చగైనయ్” అంటాడు కొన్నవాడు. “మొత్తం తీసి కడిగెయ్యండి సార్. ఈ మందు వెయ్యండి. ఈ సక్కర్ ఒకటి తీసుకుపోండి, పాచంతా తినేస్తది” అంటాడు అమ్మేవాడు. అతను అబద్ధం చెబుతున్నాడని నేను అనను. అతని దుకాణంలో చేప ఉండేది కొద్ది రోజులే. రోజూ నీళ్ళు మారుస్తాడు, తొట్టి కుదురుకోవలసిన అవసరం అతనికి రాదు. ఆ పద్ధతి అతని వ్యాపారానికి సరిపోతుంది. ఏళ్ళ తరబడి చేపలు బతకాలనుకునే ఇంటికి సరిపోదు. అక్కడి అలవాటును ఇక్కడికి తెచ్చిపెట్టుకోవడమే పొరపాటు.

ఆ సక్కర్ చేప గురించి మాత్రం అంత నెమ్మదిగా మాట్లాడలేను. దుకాణంలో రెండు మూడంగుళాల పిల్లగా, అద్దానికి మూతి ఆనించి ముద్దుగా కనబడుతుంది. దక్షిణ అమెరికా నదుల చేప ఇది. పెరిగితే అడుగు దాటుతుంది. చిన్నప్పుడు పాచి గీకుతుంది, పెరిగేకొద్దీ మిగతా చేపల మేతకు మరుగుతుంది. రాత్రిళ్ళు గోల్డ్ ఫిష్ ఒంటిమీది జిగురు పీల్చి పుండ్లు చేసిన సందర్భాలు పెంచినవాళ్ళందరికీ తెలుసు. అది తినే దానికంటే విసర్జించేది చూస్తే, పాచి తగ్గించడానికి తెచ్చిన చేపే పాచికి ఎరువు వేస్తుంది. రెండడుగుల తొట్టిలో పట్టనంత పెద్దదయ్యాక యజమాని ఏం చేస్తాడు? చంపడానికి మనసు రాదు. పక్కనున్న చెరువులో వదిలి పుణ్యం చేశాననుకుంటాడు.

ఆ పుణ్యం ఖరీదు మన జాలర్లు కడుతున్నారు. ఒంటినిండా ఎముక పలకలు, ముళ్ళలాంటి రెక్కలు ఉండటంతో దీన్ని తినే జీవి మన నీళ్ళలో దాదాపు లేదు. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గినా గాలి పీల్చి బతుకుతుంది. గట్ల కింద బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, గట్లు కూలుతాయి. వలలో పడితే వల చిరుగుతుంది, అమ్ముదామంటే కొనేవాడు లేడు. జాలర్లు దీన్ని దెయ్యం చేప అంటారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, నీళ్ళలో చేపలు వదిలే డీఎన్ఏ ఆనవాళ్ళను బట్టి తూర్పు కనుమల జలాశయాల్లో వెతికితే, సుమారు 60 శాతం చోట్ల దీని జాడ దొరికింది. ఈ చేప అమెజాన్ నుంచి ఈదుకుంటూ రాలేదు. మన అక్వేరియంల నుంచే వెళ్ళింది. గోధుమరంగు పొడి తుడుచుకోవడానికి బద్ధకించి, ఒక నదికి తెగులు అంటించాం.

పాచిని చంపే మందులదీ ఇదే ధోరణి. వాటిలో చాలావరకు రాగి లవణాలుంటాయి. పల్లెల్లో మైలుతుత్తం అనే కాపర్ సల్ఫేట్ వాటిలో ఒకటి. రాగి పాచిని చంపుతుంది, నత్తల్ని, చిన్న రొయ్యల్ని కూడా చంపుతుంది, మొక్కల్ని కాలుస్తుంది. అంతకంటే పెద్ద చిక్కు తర్వాత వస్తుంది. ఒకేసారి చచ్చిన పాచి అంతా తొట్టిలోనే కుళ్ళుతుంది. ఆ కుళ్ళు నీళ్ళలోని ఆక్సిజన్‌ను తినేసి, అమోనియాను విడిచిపెడుతుంది. పాచి వచ్చిన కారణం ఎక్కడిదక్కడే ఉంటుంది కాబట్టి పది రోజుల్లో మళ్ళీ వస్తుంది, మళ్ళీ సీసా కొనాలి.

ఈ మాట భీమవరం, కైకలూరు ప్రాంతాల ఆక్వా రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రొయ్య పిల్లను వదలకముందే అతను చెరువుకు రంగు రప్పిస్తాడు. తవుడు, బెల్లం, ఈస్ట్ కలిపి పులియబెట్టి చల్లి, కావాలని పాచిని పెంచుతాడు. తెలుపు నలుపు బిళ్ళను తాడు కట్టి నీళ్ళలో దించి, ముప్ఫై నలభై సెంటీమీటర్ల లోతులో అది కనుమరుగైతే సంతోషిస్తాడు. నీళ్ళు గోధుమరంగులో ఉంటే డయాటమ్ ఉందని ధైర్యంగా ఉంటాడు, నీలం పచ్చ తిరిగితే భయపడతాడు. పాచి అంతా ఒక్కసారిగా చచ్చిందంటే తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి పంట మొత్తం పోతుందని అతనికి అనుభవం. పాచిలో రకాలున్నాయనీ, దాన్ని అదుపులో పెట్టుకోవాలే గానీ ఒకేసారి తుడిచెయ్యకూడదనీ మన గోదావరి, కృష్ణా జిల్లాల్లో లక్షల ఎకరాల మీద రోజూ రుజువవుతోంది. అదే జిల్లా పట్టణంలో, అదే రైతు బంధువుల ఇంట్లో, అక్వేరియంకు వచ్చేసరికి ఆ తెలివంతా ఏమైపోతుందో నాకు అర్థం కాదు.

ఇంతవరకు మామూలు వాడుకలో ఉన్న అభిప్రాయాన్ని ఖండించాను. దీనికి చదువుకున్న రూపం ఒకటుంది. “పాచికి కారణం నైట్రేట్, ఫాస్ఫేట్. వాటిని సున్నాకు తెస్తే పాచి ఉండదు” అంటుంది అది. దీనికి ఆధారం లేకపోలేదు. కెనడాలోని ఒంటారియోలో 226వ నంబరు సరస్సును 1973లో డేవిడ్ షిండ్లర్ బృందం ప్లాస్టిక్ తెరతో రెండుగా విడదీసింది. రెండు వైపులా కార్బన్, నత్రజని కలిపి, ఒకవైపు మాత్రం ఫాస్ఫరస్ కూడా కలిపారు. ఫాస్ఫరస్ పడిన వైపు పచ్చగా మారిపోయింది. డిటర్జెంట్లలో ఫాస్ఫేట్ తగ్గించాలనే వాదానికి ఆ ప్రయోగం పెద్ద బలమైంది. సరస్సులకు అది నిజం. అక్వేరియంకు యథాతథంగా అంటగడితే మాత్రం తప్పు. మొక్కలు దట్టంగా పెంచేవాళ్ళలో టామ్ బార్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఒకటుంది. అందులో నైట్రేట్, ఫాస్ఫేట్‌లను కావాలనే కలుపుతారు, వారానికోసారి సగం నీళ్ళు మారుస్తారు. ఆ తొట్లు పాచితో నిండిపోవడం లేదు. ఎందుకంటే ఆరోగ్యంగా పెరుగుతున్న మొక్క ఉన్నచోట పాచికి అవకాశం దొరకదు. లోతు తక్కువ సరస్సుల్లో కూడా మొక్కలు రాజ్యమేలే తేటనీటి స్థితి, పాచి రాజ్యమేలే కలకనీటి స్థితి రెండూ ఉంటాయనీ, ఏది ఒకసారి నిలదొక్కుకుంటే అదే కొనసాగుతుందనీ మార్టెన్ షెఫర్ బృందం 1993లో వివరించింది. ఎరువు సున్నా చేస్తే ముందు చచ్చేది మొక్క. ఆ చచ్చిన ఆకుల మీద పాచి స్థిరపడుతుంది.

పైగా మన నీళ్ళలో ఆ సున్నా సాధ్యమయ్యేది కాదు. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. తెలుగు జిల్లాల్లో చాలాచోట్ల భూగర్భ జలం ఆ హద్దు దాటుతోందని కేంద్ర భూగర్భ జల మండలి నివేదికలు చెబుతూనే ఉన్నాయి. బోరు నీళ్ళు పట్టి నింపినప్పుడే తొట్టిలోకి నైట్రేట్ వచ్చేస్తుంది.

మన చేతిలో ఉన్నవి లైటు, మేత, మొక్క. అక్వేరియంను హాల్లో అలంకారంగా చూసి పొద్దున వేసిన లైటును రాత్రి టీవీ కట్టేసేదాకా ఉంచుతారు. కొత్త తొట్టికి రోజుకు ఆరు గంటలు చాలు. మొక్కలు బాగా ఎదిగాక ఎనిమిదికి పెంచవచ్చు. మాన్పించలేనిది మతిమరుపు కాబట్టి ఎలక్ట్రికల్ షాపులో ఒక టైమర్ ప్లగ్ కొని పెట్టండి, పాచి మందు సీసాలన్నిటికంటే అది ఎక్కువ మేలు చేస్తుంది. కిటికీ ఎండ నేరుగా పడేచోట తొట్టి పెట్టకండి. ఇక మేత. తాతయ్య ఒకసారి, మనవరాలు ఒకసారి, ఇంటికొచ్చినవాళ్ళు సరదాకి ఒకసారి. మరమరాలు, రొట్టె ముక్కలు కూడా పడుతుంటాయి. రెండు నిమిషాల్లో చేపలు పూర్తిగా తినేసేంత మాత్రమే వెయ్యాలి, అదీ ఇంట్లో ఒక్కరే వెయ్యాలి. మొక్కల్లో త్వరగా పెరిగేవి మొదటి రోజునుంచే నాటండి. వాలిస్నేరియా, హార్న్‌వర్ట్, హైడ్రిల్లా ఏవైనా సరే, కాస్తా కూస్తా వేస్తే చాలదు, దట్టంగా వెయ్యాలి. అవి అమోనియాను పాచికంటే ముందు అందుకుంటాయి.

ఈ పాఠం నూటడెబ్భై ఏళ్ళనాటిది. లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త 1849లో ఒక గాజు పాత్రలో రెండు గోల్డ్ ఫిష్‌లను, ఒక వాలిస్నేరియా మొక్కను పెట్టాడు. కొన్నాళ్ళకు కుళ్ళిన ఆకులు, పచ్చటి జిగురు పాత్రను పట్టేశాయి, నీళ్ళు కలకబారాయి. ఆయన చెరువు నత్తల్ని తెచ్చి అందులో వేశాడు. అవి ఆ కుళ్ళును, పాచిని తింటూ పాత్రను తేటపరిచాయి. 1850లో ఆ వివరాలు ప్రచురించాడు. ఇంట్లో అక్వేరియం పెట్టుకునే అలవాటు పాశ్చాత్య దేశాల్లో పెరగడానికి అదొక పునాది.

“మేం ఏళ్ళ తరబడి నెలకోసారి కడుగుతూనే ఉన్నాం, మా చేపలు బాగానే ఉన్నాయి” అనేవాళ్ళు తప్పకుండా ఉంటారు. వాళ్ళ మాట నమ్ముతాను. మూడు నాలుగు మొండి గోల్డ్ ఫిష్‌లు, పెద్ద తొట్టి, తక్కువ మేత ఉంటే తట్టుకోవచ్చు. కానీ మొదటి ఏడాదిలో పోయిన చేపల్ని కూడా లెక్కలోకి తీసుకోమని అడుగుతున్నాను. బతికినవాటిని మాత్రమే చూపించి పద్ధతి మంచిదనడం న్యాయం కాదు. పాచి రాత్రిపూట ఆక్సిజన్ తీసుకుంటుంది కదా అని ఇంకొందరు అడుగుతారు. చిక్కటి పచ్చనీళ్ళలో ఆ ప్రమాదం ఉంది, అందుకే ఎయిర్ పంప్ రాత్రంతా నడవాలి. అద్దం మీది పొరకు ఆ భయం అక్కర్లేదు. పాచి కంపు కొడుతుందన్నదీ సరికాదు. కంపు కొట్టేది కుళ్ళిన మేత, లేదా ముందు చెప్పిన సయనోబ్యాక్టీరియా. కుదురుకున్న తొట్టి నుంచి తడిమట్టి వాసన మాత్రమే వస్తుంది.

అసలు శుభ్రం చెయ్యొద్దని నేను అనడం లేదు. వారానికోసారి పాతిక ముప్ఫై శాతం నీళ్ళు మార్చండి. పోసే నీళ్ళలో యాంటీ క్లోరిన్ చుక్కలు కలపండి. నీటి ప్రవాహం తగ్గిందనిపిస్తే స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే రెండుసార్లు పిండి పెట్టెయ్యండి. పక్కింట్లో ఎవరికైనా పాత అక్వేరియం ఉంటే, వాళ్ళ ఫిల్టర్‌లోని మురికి స్పాంజి ముక్క ఒకటి అడిగి తెచ్చుకుని మీ ఫిల్టర్‌లో పెట్టుకోండి. దుకాణంలో డబ్బు పెట్టి కొనగలిగిన ఏ వస్తువూ దానికి సాటి రాదు.

దుకాణాలు నడిపేవారికి ఒక విన్నపం. తొట్టి అమ్మిన రోజే చేపలన్నీ అమ్మకండి. నెలరోజులపాటు రెండు మూడు చేపలతోనే సరిపెట్టుకోమనీ, గోధుమరంగు పాచి వస్తుందనీ, దానంతటదే పోతుందనీ ఒక్క మాట చెప్పండి. ఆ చేపలు బతికితే ఆ కొనుగోలుదారు మళ్ళీ మీ దగ్గరికే వస్తాడు. ఇప్పటికే సక్కర్ చేప ఉన్నవారికి ఇంకొకటి. అది మీ తొట్టికి పెద్దదైపోతే తెచ్చిన దుకాణానికే తిరిగి ఇచ్చెయ్యండి, లేదా పెద్ద తొట్టి ఉన్నవారికి ఇవ్వండి. చెరువులో, కాలువలో, వాగులో మాత్రం వదలకండి.